పొట్ట చిన్నదయ్యాక

బరువు తగ్గించే ఆపరేషన్లు మొదలైన కొత్తలో వైద్యులను అన్నిటికన్నా ఎక్కువగా ఆశ్చర్యపరిచింది చక్కెర తగ్గడం. అమెరికాలోని ఈస్ట్ కరోలినా విశ్వవిద్యాలయంలో వాల్టర్ పోరీస్ అనే సర్జన్, ఆయన సహచరులు తాము గ్యాస్ట్రిక్ బైపాస్ చేసిన రోగులను ఏళ్ల తరబడి గమనించి 1995లో ఒక పత్రం ప్రచురించారు. ఆపరేషన్‌కు ముందు మధుమేహం ఉన్న 146 మందిలో 121 మందికి రక్తంలో చక్కెర మామూలు స్థాయికి వచ్చింది. చాలామందిలో ఆ మార్పు రోజుల్లోనే మొదలైంది. ఒంటి మీది కొవ్వు దాదాపు అలాగే ఉంది, ఇన్సులిన్ మోతాదు మాత్రం పడిపోయింది. ఇలా అవుతుందని ఎవరనుకున్నారు అన్న అర్థం వచ్చేలా వాళ్లు ఆ పత్రానికి పేరు పెట్టారు.

పొట్ట చిన్నదైతే తిండి తగ్గుతుంది, తిండి తగ్గితే బరువు తగ్గుతుంది అన్నది మనందరికీ తెలిసిన లెక్క. అది సగమే నిజమని ఆ పత్రం చెప్పింది. బేరియాట్రిక్ సర్జరీ అని పిలిచే ఈ ఆపరేషన్ ఆకలినీ, తృప్తినీ, మందుల మోతాదునూ, ఇనుము, విటమిన్లు ఒంటపట్టే తీరునూ మార్చేస్తుంది. అంటే ఆపరేషన్ బల్ల దిగేది కొత్త నియమాలున్న ఒంటితో. ఆ నియమాలను ముందే నేర్చుకుని సాధన చేసినవారికి తరువాతి జీవితం తేలికగా కుదురుకుంటుంది. ఆపరేషన్ అయ్యాక చూసుకుందాంలే అనుకున్నవారికి మొదటి ఏడాదంతా పరీక్షగానే గడుస్తుంది.

కడుపు నుంచి మెదడుకు వెళ్లే కబుర్లు

అయోవా విశ్వవిద్యాలయ సర్జన్ ఎడ్వర్డ్ మేసన్ 1960లలో ఒక విషయం గమనించారు. అల్సర్ కారణంగా జీర్ణాశయంలో కొంత భాగం తీసేసిన రోగులు మళ్లీ బరువు పెరగడానికి అవస్థ పడుతున్నారు. ఆ ఇబ్బందినే వైద్యంగా మలచవచ్చని ఆయనకు తోచింది. 1966లో తొలి గ్యాస్ట్రిక్ బైపాస్ చేసి, మరుసటి ఏడాది చికాషీ ఇటోతో కలిసి ఆ వివరాలు ప్రచురించారు. అంతకుముందు 1950ల నుంచి పేగులో చాలా భాగాన్ని దాటవేసే మరో ఆపరేషన్ ఉండేది. దానివల్ల ఆగని విరేచనాలు, కిడ్నీలో రాళ్లు, కాలేయం దెబ్బతినడం వంటి చిక్కులు రావడంతో క్రమంగా వదిలేశారు.

ఇప్పటి బైపాస్‌లో జీర్ణాశయం పైభాగాన సుమారు 30 మిల్లీలీటర్లు పట్టే చిన్న సంచిని విడదీసి, దాన్ని నేరుగా చిన్నపేగుకు కలుపుతారు. తిన్నది జీర్ణాశయంలోని మిగతా భాగాన్నీ, చిన్నపేగు మొదటి భాగాన్నీ తాకకుండా కిందికి వెళ్తుంది. స్లీవ్ ఆపరేషన్‌లో పేగు జోలికి పోరు. జీర్ణాశయంలో 75 నుంచి 80 శాతాన్ని నిలువుగా కోసి తీసేస్తారు, అరటికాయంత సన్నని గొట్టం మిగులుతుంది. అతి స్థూలకాయం ఉండి పెద్ద ఆపరేషన్‌ను ఒకేసారి తట్టుకోలేనివారికి మొదటి దశగా దీన్ని చేసేవారు. రెండో దశ రాకముందే చాలామంది బాగా తగ్గిపోతుండటంతో ఇదే పూర్తి ఆపరేషన్‌గా స్థిరపడింది. ఇప్పుడు ప్రపంచంలో ఎక్కువగా జరిగేది ఇదే. రెండూ లాపరోస్కోపీలో, చిన్న చిన్న రంధ్రాల ద్వారానే చేస్తారు.

1999లో జపాన్ శాస్త్రవేత్తలు గ్రెలిన్ అనే హార్మోన్‌ను కనిపెట్టారు. ఎక్కువగా జీర్ణాశయం పైభాగంలో తయారై, మెదడుకు ఆకలి కబురు చేరవేసేది ఇదే. మామూలుగా డైటింగ్ చేసి బరువు తగ్గితే గ్రెలిన్ పెరుగుతుంది, తగ్గినకొద్దీ ఆకలి రెచ్చిపోతుంది. స్లీవ్‌లో ఈ హార్మోన్ తయారయ్యే భాగమే పోతుంది కాబట్టి దాని మోతాదు బాగా పడిపోతుంది. మరోవైపు ఆహారం పేగు కింది భాగానికి త్వరగా చేరడంతో జీఎల్‌పీ-1, పీవైవై వంటి హార్మోన్లు ఎక్కువగా విడుదలవుతాయి. ఇక చాలు అని మెదడుకు చెప్పేవి ఇవే. జీఎల్‌పీ-1 ఇన్సులిన్ విడుదలకు కూడా తోడ్పడుతుంది. తిండి ఒక్కసారిగా తగ్గడానికి ఈ హార్మోన్ల మార్పు తోడవుతుంది కాబట్టే బరువు కన్నా ముందు చక్కెర దిగుతుంది.

మధుమేహం శాశ్వతంగా పోతుందని మాత్రం అనుకోకూడదు. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్ 150 మంది మధుమేహ రోగులపై చేసిన అధ్యయనం అయిదేళ్ల ఫలితాలు 2017లో వచ్చాయి. మూడు నెలల చక్కెర సగటు 6 శాతం, అంతకన్నా తక్కువకు చేరినవారు బైపాస్ బృందంలో 29 శాతం, స్లీవ్ బృందంలో 23 శాతం, మందులు మాత్రమే వాడినవారిలో 5 శాతం. తేడా పెద్దదే. అయినా బైపాస్ చేయించుకున్నవారిలో మూడింట రెండు వంతులకు పైగా ఆ గీత దాకా రాలేదు. జబ్బు ముదరకముందు, ఇంకా ఇన్సులిన్ దాకా వెళ్లకముందు ఆపరేషన్ అయినవారిలో ఫలితం మెరుగ్గా ఉంటుంది.

ఎవరికి అవసరం?

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడత ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 36 శాతం, తెలంగాణలో 30 శాతం మహిళలు ఉండాల్సిన దానికన్నా ఎక్కువ బరువున్నారు. దేశం మొత్తం మీద ఇది 24 శాతం. వీరిలో అత్యధికులకు ఆపరేషన్ అక్కర్లేదు. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే వచ్చే బీఎంఐని బట్టి వైద్యులు నిర్ణయిస్తారు. 1991 నాటి అమెరికా మార్గదర్శకాల్లో బీఎంఐ 40 దాటినవారికి, లేదా 35 దాటి మధుమేహం వంటి జబ్బులున్నవారికి ఆపరేషన్ అని ఉండేది. అంతర్జాతీయ సర్జన్ల సంఘాలు 2022లో దీన్ని సవరించాయి. 35 దాటితే జబ్బులతో నిమిత్తం లేకుండా ఆపరేషన్ సూచించవచ్చని, ఆసియా వాసులకు 27.5 నుంచే ఆలోచించవచ్చని అన్నాయి. మనకు తక్కువ బరువులోనే పొట్ట చుట్టూ కొవ్వు చేరి మధుమేహం వచ్చే ముప్పు ఎక్కువ కాబట్టి ఈ తేడా. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి బీఎంఐ 27.5 అంటే 75 కిలోలు, 35 అంటే 95, 40 అంటే 109 కిలోలు.

ఆరోగ్య బీమా లెక్క వేరు. బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ ప్రామాణిక నిబంధన ప్రకారం బీఎంఐ కనీసం 40 ఉండాలి. లేదా 35 ఉండి గుండె జబ్బు, తీవ్రమైన స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగే జబ్బు), అదుపులో లేని టైప్ 2 మధుమేహం వంటివి ఉండాలి. తేలికైన ఇతర మార్గాలు ఫలించలేదని కూడా చూపాలి. డాక్టర్ దృష్టిలో అర్హత ఉన్నా బీమా సంస్థ దృష్టిలో లేకపోవచ్చు. పాలసీ కాగితాలు ముందే చదివి, లిఖితపూర్వకంగా అనుమతి తీసుకోవడం మంచిది.

ఈ ఆపరేషన్, లైపోసక్షన్ ఒకటే అన్న అపోహ కూడా తొలగాలి. లైపోసక్షన్ అంటే చర్మం కింది కొవ్వును గొట్టంతో లాగేయడం, అది ఆకృతి కోసం చేసేది. దాని వల్ల ఆకలిలో గానీ, హార్మోన్లలో గానీ ఈ మార్పులేవీ రావు.

ముందే సాధన

ఆపరేషన్‌కు ముందు చేసే పరీక్షల జాబితా పొడవుగా ఉంటుంది, ప్రతిదానికీ కారణం ఉంది. ఎండోస్కోపీలో అల్సర్, హెలికోబాక్టర్ పైలోరీ బాక్టీరియా, ఛాతీ మంట ఆనవాళ్లు చూస్తారు. యాసిడ్ పైకి తన్నే బాధ ముందే తీవ్రంగా ఉంటే స్లీవ్ తరువాత అది మరింత పెరగవచ్చు, అలాంటివారికి బైపాస్ నయం. గట్టిగా గురక పెట్టేవారికి నిద్ర పరీక్ష చేస్తారు. నిద్రలో ఊపిరి ఆగే జబ్బు ఉందని తెలియకుండా మత్తు ఇవ్వడం ప్రమాదం. బీ12, డీ విటమిన్లు, ఇనుము ఎంతున్నాయో కూడా చూస్తారు. లావుగా ఉన్నవారికి పోషకాల లోపం ఉండదనుకోవడం పొరపాటు. అన్నం, పిండి వంటకాల మీదే నడిచే ఒంట్లో కేలరీలు ఎక్కువైనా ఇనుము, డీ విటమిన్ తక్కువగా ఉండటం మామూలే. ముందే లోపం ఉంటే ఆపరేషన్ తరువాత అది మరింత ముదురుతుంది.

చివరి రెండు వారాలు చాలా ఆసుపత్రులు పిండి పదార్థాలు బాగా తగ్గించి, మాంసకృత్తులు ఎక్కువగా ఉండే తక్కువ కేలరీల ఆహారం పెడతాయి. రోగులకు అన్నిటికన్నా కష్టమనిపించే దశ ఇదే. సర్జన్‌కు ఇది చాలా అవసరం. స్థూలకాయుల కాలేయంలో కొవ్వు చేరి అది ఉబ్బి ఉంటుంది, దాని ఎడమ భాగం సరిగ్గా జీర్ణాశయం మీద పరుచుకుంటుంది. ఈ పథ్యంతో కాలేయం కుంచించుకుపోతే లోపల పనిచేసే చోటు దొరుకుతుంది. రేపటి నుంచి తినలేం కదా అని ఆపరేషన్ ముందు వారమంతా విందులు చేసుకునేవారు ఆ చోటును తామే మూసేస్తున్నారు.

పొగతాగడం కనీసం ఆరు వారాల ముందు మానాలి, మళ్లీ ముట్టుకోకూడదు. పొగవల్ల గాయాలు మానడం ఆలస్యమవుతుంది, బైపాస్‌లో కుట్టిన చోట పుండ్లు పడతాయి. మధుమేహం, బీపీ మందుల జాబితా రాసి డాక్టర్‌తో మాట్లాడుకోవాలి. ఆపరేషన్ తరువాత పాత మోతాదులోనే ఇన్సులిన్ గానీ, గ్లిమెపిరైడ్ వంటి మాత్రలు గానీ వేసుకుంటే చక్కెర ప్రమాదకరంగా పడిపోతుంది.

పరీక్షలు, పథ్యం ఆసుపత్రి చూసుకుంటుంది. ఇంట్లో చేయాల్సిన సాధన వేరే ఉంది. ముద్ద చిన్నది చేయడం, ప్రతి ముద్దనూ 20, 30 సార్లు నమలడం, భోజనాన్ని అరగంట పాటు సాగదీయడం, భోజనం మధ్యలో నీళ్లు తాగకుండా ఉండటం. విన్నప్పుడు చిన్న పనులే. అయిదు నిమిషాల్లో టిఫిన్ ముగించి బస్సెక్కే అలవాటున్నవారికి ఇవి నెలల తరబడి చేస్తే గానీ పట్టుబడవు. ఒత్తిడి వచ్చినప్పుడల్లా తినే అలవాటు, రాత్రిళ్లు లేచి తినడం, కుంగుబాటు ఉన్నాయేమో మానసిక నిపుణులు ఇప్పుడే కనిపెట్టాలి. ఆ సంభాషణను ఆపరేషన్‌కు అడ్డంకిగా చూసి నిజం దాచేవారు తరువాత ఇబ్బంది పడతారు.

మొదటి వారాలు

చాలామంది రెండు మూడు రోజుల్లో ఇంటికి వస్తారు. మొదట పలచని ద్రవాలు, తరువాత పాలు, మజ్జిగ, పప్పుకట్టు, ప్రొటీన్ పొడి కలిపిన పానీయాలు, ఆపైన మెత్తగా చేసినవి, సుమారు ఆరు నుంచి ఎనిమిది వారాలకు మామూలు ఆహారం. ఈ వరుస ఆసుపత్రిని బట్టి కొంత మారుతుంది. తొందరపడి ముందు మెట్టుకు గెంతడం మాత్రం ఎవరికీ పనికిరాదు, ఎందుకంటే లోపలి కుట్ల వరుస మానడానికి వారాలు పడుతుంది.

ఒక గ్లాసు నీళ్లు గటగటా తాగడం ఇక కుదరదు. రోజుకు లీటరున్నర నుంచి రెండు లీటర్ల ద్రవాలను గుక్కెడు గుక్కెడుగా రోజంతా పరిచి తాగాలి. తొలి నెలలో మళ్లీ ఆసుపత్రికి పరుగెత్తించే కారణాల్లో ఒంట్లో నీరు తగ్గిపోవడం ముఖ్యమైనది, మన వేసవిలో మరీను. మొదటి రోజు నుంచే ఇంట్లో నడవాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టి ఊపిరితిత్తులకు చేరడం ఈ ఆపరేషన్ తరువాతి అరుదైన, ప్రాణాంతకమైన చిక్కు, నడక దానికి తొలి మందు.

2009లో వెలువడిన అమెరికా అధ్యయనం ఒకటి సుమారు 4,800 మందిని పరిశీలించింది. మొదటి 30 రోజుల్లో మరణాలు 0.3 శాతం. ముప్పు చిన్నదే, హెచ్చరికలు మాత్రం గుర్తుండాలి. నాడి నిమిషానికి 120 దాటి దిగకపోవడం, జ్వరం, పెరుగుతున్న కడుపునొప్పి, ఎడమ భుజంలో నొప్పి, ఆయాసం, కాలి పిక్క వాపు, గుక్కెడు నీళ్లు కూడా నిలవకపోవడం. వీటిలో ఏది కనిపించినా గ్యాస్ నొప్పేమోలే అని ఇంట్లో ఉండకుండా ఆపరేషన్ చేసిన చోటికే వెళ్లాలి.

తిరగేసిన విస్తరి

తెలుగు భోజనానికి ఒక వరుస ఉంది. అన్నం రాశిగా వడ్డించి, పప్పుతో మొదలుపెట్టి, కూర, పులుసు మీదుగా పెరుగన్నంతో ముగిస్తాం. విస్తరిలో అన్నమే ప్రధానం, మిగతావన్నీ దాన్ని దాటించడానికే. ఆపరేషన్ తరువాత ఈ వరుసను తిరగేయాలి. పూటకు పట్టేది చిన్న కప్పెడే అయినప్పుడు అందులో మూడు వంతులు అన్నంతో నిండిపోతే కండరాలకు కావలసిన మాంసకృత్తులకు చోటుండదు. కాబట్టి ముందు గుడ్డు, చేప, చికెన్, పనీర్, మీల్‌మేకర్, గట్టి పప్పు. తరువాత కూరగాయలు. కడుపులో ఇంకా చోటుంటే చివర్లో రెండు చెంచాల అన్నం.

రోజుకు కనీసం 60 నుంచి 80 గ్రాముల మాంసకృత్తులు కావాలని వైద్యులు చెబుతారు. లెక్క వేసి చూడండి. రెండు గుడ్లలో 12 గ్రాములు, 30 గ్రాముల పెసలతో వేసిన పెసరట్టులో 7, ఉడికిన చికెన్ 100 గ్రాముల్లో సుమారు 25, కప్పు పెరుగులో 5, 30 గ్రాముల కందిపప్పులో 6 లేక 7. అన్నీ కలిపినా 55 దగ్గరే ఆగింది. మొదటి నెలల్లో ఇంత తినడం కూడా కష్టం కనుకే ప్రొటీన్ పొడి అవసరమవుతుంది. శాకాహారులకు 50 గ్రాముల పనీర్‌లో 9 గ్రాములు, ఎండు మీల్‌మేకర్ 30 గ్రాముల్లో 15 గ్రాములు దొరుకుతాయి. ఇడ్లీలో రెండు గ్రాములకు మించదు. పొద్దునే నాలుగు ఇడ్లీలు తినే అలవాటున్నవారు పెసరట్టుకు మారితే చాలా మేలు.

మాంసకృత్తులు ఇంత ముఖ్యం కావడానికి కారణం ఉంది. వేగంగా బరువు తగ్గేటప్పుడు ఒళ్లు కొవ్వుతో పాటు కండనూ కరిగిస్తుంది. కండ పోతే విశ్రాంతిగా ఉన్నప్పుడు ఖర్చయ్యే శక్తి తగ్గి, ఆ తరువాత బరువు పెరగడం సులువవుతుంది. తినడంతో పాటు బరువులెత్తే వ్యాయామం కూడా చేస్తేనే కండ నిలుస్తుంది, నడక ఒక్కటీ చాలదు.

తీపి తిన్నప్పుడు మరో సంగతి తెలుస్తుంది. బైపాస్ అయినవారిలో ఎక్కువగా, స్లీవ్ వారిలో కొంతమందిలో, చక్కెర గబుక్కున పేగులోకి జారిపోయి నీటిని లాగుతుంది. పది నిమిషాల నుంచి అరగంటలో గుండె దడ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, విరేచనాలు వస్తాయి. దీన్ని డంపింగ్ అంటారు. కొందరికి ఒకటి నుంచి మూడు గంటల తరువాత ఇన్సులిన్ అతిగా విడుదలై చక్కెర పడిపోయి కళ్లు తిరుగుతాయి. జిలేబీ, పూతరేకులు, కూల్‌డ్రింకులు, పళ్లరసాలు ఇందుకు ముందుంటాయి. చక్కెర పడిపోయిందని మళ్లీ తీపి తింటే అది పైకి లేచి, ఇంకోసారి కిందికి పడుతుంది. తీపిని మానడంతో పాటు మాంసకృత్తులు, పీచు పదార్థాలు కలిపి తినడమే దీనికి విరుగుడు.

మాత్రలు జీవితాంతం

ఇనుము ప్రధానంగా చిన్నపేగు మొదటి భాగంలో ఒంటపడుతుంది. బైపాస్‌లో దాటవేసేది సరిగ్గా ఆ భాగాన్నే. బీ12 ఒంటపట్టాలంటే జీర్ణాశయపు గోడ విడుదల చేసే ఒక మాంసకృత్తి కావాలి. స్లీవ్‌లో ఆ గోడ చాలావరకు పోతుంది, బైపాస్‌లో ఆహారం దాన్ని కలుసుకోదు. యాసిడ్ తగ్గడంతో మామూలు కాల్షియం కార్బొనేట్ సరిగా కరగదు, అందుకే కాల్షియం సిట్రేట్ ఇస్తారు. రోజుకు 1200 నుంచి 1500 మిల్లీగ్రాముల కాల్షియం, నెలసరి వచ్చే స్త్రీలకు 45 నుంచి 60 మిల్లీగ్రాముల ఇనుము, డీ విటమిన్, బీ12, మల్టీవిటమిన్ జీవితాంతం కావాలి. ఇనుమునూ కాల్షియాన్నీ ఒకేసారి వేసుకుంటే ఒకదాన్నొకటి అడ్డుకుంటాయి, రెండు గంటల తేడా ఉండాలి. టీ, కాఫీలతో ఇనుము మాత్ర మింగితే చాలావరకు వృథా.

రెండేళ్లు హాయిగా గడిచాక, ఏమీ కావడం లేదుగా అని మాత్రలు ఆపేసేవారు చాలామంది. బీ12 కాలేయంలో ఏళ్లకు సరిపడా నిల్వ ఉంటుంది. అది కరిగిపోయేదాకా లోపం బయటపడదు. బయటపడేసరికి అరికాళ్లలో తిమ్మిర్లు, తడబడే నడక, మతిమరుపు వస్తాయి. నరాలకు జరిగిన ఆ నష్టం పూర్తిగా పూడకపోవచ్చు.

బీ1, అంటే థయామిన్, ఇందుకు పూర్తి వ్యతిరేకం. దాని నిల్వ రెండు మూడు వారాలకే చాలుతుంది. ఆపరేషన్ తరువాత వాంతులు ఆగకపోతే అది అడుగంటుతుంది. వస్తువులు రెండుగా కనిపించడం, నిలబడలేకపోవడం, గందరగోళంగా మాట్లాడటం దాని గుర్తులు. మన ఊళ్లలో నీరసంగా ఉందంటే ముందు గ్లూకోజ్ సెలైన్ ఎక్కించడం అలవాటు. ఈ రోగికి అది ప్రమాదం. గ్లూకోజ్‌ను వాడుకోవడానికి ఒంటికి థయామిన్ కావాలి, ఉన్న కాస్తా అందులో ఖర్చయిపోతే మెదడు దెబ్బతింటుంది. థయామిన్ ఇచ్చిన తరువాతే గ్లూకోజ్ ఎక్కించాలి. బేరియాట్రిక్ ఆపరేషన్ అయిందన్న చీటీ ఎప్పుడూ పర్సులో ఉండాలనడానికి ఇదొక్కటే చాలు.

ఆ చీటీలో రాయాల్సిన రెండో మాట నొప్పి మాత్రల గురించి. మోకాలి నొప్పికో తలనొప్పికో మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ వంటివి బైపాస్ కుట్టు దగ్గర పుండ్లు చేస్తాయి, అవి చిల్లుపడవచ్చు కూడా. పారాసెటమాల్ మాత్రం వాడవచ్చు. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలు కూడా కొన్ని మునుపటిలా పనిచేయవు, వాటిని డాక్టర్ మార్చాల్సి రావచ్చు.

అద్దంలో కొత్త మనిషి

మూడో నెల, నాలుగో నెల వచ్చేసరికి దువ్వెన నిండా జుట్టు ఊడుతుంది. భయపడనక్కర్లేదు. ఒంటికి పెద్ద కుదుపు తగిలినప్పుడు ఒకేసారి చాలా వెంట్రుకలు విశ్రాంతి దశకు వెళ్లి, నెలల తరువాత రాలతాయి. కుదుళ్లు బతికే ఉంటాయి కాబట్టి కొన్ని నెలల్లో మళ్లీ మొలుస్తాయి. ఏడాది దాటినా ఆగకపోతే మాంసకృత్తులు, ఇనుము, జింక్ చూసుకోవాలి.

వేగంగా కొవ్వు కరుగుతుంటే పిత్తాశయంలో రాళ్లు ఏర్పడతాయి. అందుకే మొదటి ఆరు నెలలు అర్సోడియాక్సీకోలిక్ యాసిడ్ మాత్రలు రాస్తారు. వేలాడే చర్మం మాత్రం వ్యాయామంతో పూర్తిగా బిగుసుకోదు. బరువు నిలకడగా ఆగాక, అంటే సాధారణంగా ఏడాదిన్నర తరువాత, కావాలనుకుంటే ప్లాస్టిక్ సర్జరీ గురించి ఆలోచించవచ్చు.

అండాశయాల సమస్య అయిన పీసీఓఎస్‌తో ఏళ్ల తరబడి నెలసరి సరిగా రాక, పిల్లలు పుట్టరని నిరాశ పడిన యువతులకు కొన్ని నెలల్లోనే అండం విడుదల మొదలవుతుంది. ఒళ్లు వేగంగా కరుగుతున్న ఆ కాలంలో గర్భం వస్తే బిడ్డకు పోషకాలు చాలవు. 12 నుంచి 18 నెలలు ఆగమంటారు. బైపాస్ అయినవారిలో గర్భనిరోధక మాత్రలు సరిగా ఒంటపట్టకపోవచ్చు కాబట్టి వేరే పద్ధతి ఎంచుకోవాలి. పెళ్లై ఏడాదిలోపే పిల్లలు కావాలనే అత్తింటివారికి ఈ గడువు గురించి ముందే చెప్పడం మేలు.

మద్యం విషయంలో జాగ్రత్త మరింత అవసరం. జీర్ణాశయంలో ఆగకుండా పేగులోకి జారిపోవడంతో మునుపటి మోతాదే ఎన్నో రెట్లు త్వరగా తలకెక్కుతుంది. అమెరికాలో 2012లో వచ్చిన అధ్యయనంలో ఆపరేషన్ తరువాత రెండో ఏడాదిలో మద్యం సమస్యలు పెరిగినట్టు తేలింది. తిండిలో దొరికే ఊరట పోయినప్పుడు మనసు మరో ఊరట వెతుక్కోవడం కూడా ఇందులో ఒక కారణం కావచ్చు.

మనసుకు కూడా కొంత సమయం పడుతుంది. ఒళ్లు తగ్గినా చాలాకాలం పాటు కొందరు పెద్ద సైజు చొక్కాయే తీసుకుంటారు, సన్నని దారిలో పక్కకు తిరిగే నడుస్తారు. స్వీడన్‌లో జరిగిన రెండు అధ్యయనాల ఫలితాలు 2018లో వచ్చాయి. ఆపరేషన్ అయినవారిలో ఒంటరిగా ఉన్నవారు తోడు వెతుక్కోవడం, పెళ్లి చేసుకోవడం పెరిగింది. అప్పటికే జంటగా ఉన్నవారిలో విడిపోవడం కూడా పెరిగింది. బరువుతో పాటు ఆత్మవిశ్వాసం, ఇంట్లో మాటకు విలువ, ఒకరిమీద ఒకరు ఆధారపడే తీరు మారతాయి, అందరికీ అది సాఫీగా సాగదు. కెనడాలోని ఒంటారియోలో చేసిన మరో అధ్యయనం ఆపరేషన్ తరువాతి సంవత్సరాల్లో తమను తాము గాయపరచుకునే సంఘటనలు పెరిగాయని చెప్పింది. కుంగుబాటును సిగ్గుపడి దాచుకోకుండా చెప్పుకోగలిగే మనిషి ఒకరైనా ఉండాలి.

మన ఇళ్లలో ఇంకో ఇబ్బంది పెళ్లి బంతిలో ఎదురవుతుంది. రెండు చెంచాలు తిని చేయి కడుక్కుంటే వంట నచ్చలేదా అంటారు, మొహమాటపెట్టి మళ్లీ వడ్డిస్తారు. ఆపరేషన్ అయిందంటే, నోరు కట్టుకోలేక అడ్డదారి తొక్కావా అనేవారూ ఉంటారు. ఎవరికి చెప్పాలో, ఎంత చెప్పాలో ముందే తేల్చుకోవాలి. ఇంట్లో వండేవారికి మాత్రం తప్పక తెలియాలి. వాళ్లను కూడా డైటీషియన్ దగ్గరికి వెంటబెట్టుకెళ్తే వంటింట్లో సగం గొడవలు తగ్గుతాయి.

బరువు మళ్లీ పెరిగితే

ఒక ఏసీ గది ఉష్ణోగ్రతను కాపాడుకున్నట్టు, మన ఒళ్లు అలవాటైన బరువును కాపాడుకుంటుంది. బరువు తగ్గే ఒక అమెరికన్ టీవీ పోటీలో కేవలం ఆహారం, వ్యాయామంతో భారీగా తగ్గిన 14 మందిని శాస్త్రవేత్త కెవిన్ హాల్ బృందం ఆరేళ్ల తరువాత పరీక్షించి 2016లో ఫలితాలు చెప్పింది. విశ్రాంతిగా ఉన్నప్పుడు వాళ్ల ఒళ్లు రోజుకు ఖర్చు చేసే శక్తి, ఆ సైజుకు ఉండాల్సిన దానికన్నా సుమారు 500 కేలరీలు తక్కువగా ఉంది. ఒళ్లు అంత గట్టిగా పోరాడుతుంది. ఆపరేషన్ ఈ పోరులో రోగి పక్షాన నిలుస్తుంది, యుద్ధాన్ని పూర్తిగా ఆపదు.

స్వీడన్‌లో 1987లో మొదలై వేలమందిని వెంబడించిన అధ్యయనం దీనికి మంచి సాక్ష్యం. బైపాస్ అయినవారు ఒకటి రెండేళ్లకు సగటున 32 శాతం బరువు తగ్గారు, పదేళ్లకు ఆ తగ్గుదల 25 శాతం దగ్గర ఆగింది. అంటే 110 కిలోల మనిషి 75కు దిగి, పదేళ్లకు 82 లేదా 83కు చేరినట్టు. చాలామంది ఆ ఏడెనిమిది కిలోలను ఓటమిగా భావించి, సిగ్గుతో డాక్టర్‌కు మొహం చూపించడం మానేస్తారు. అదే అధ్యయనంలో ఆపరేషన్ అయినవారిలో మరణాలు తగ్గాయని కూడా తేలింది. కొంత బరువు తిరిగి రావడం సహజం. అది ఆగకుండా పెరుగుతూ ఉంటే మాత్రం కారణం వెతకాలి. రోజంతా కొద్దికొద్దిగా చిరుతిళ్లు నమలడం, తీపి పానీయాలు, మద్యం, నిద్రలేమి, కొన్ని మందులు, అరుదుగా లోపలి అమరికలో మార్పు కావచ్చు.

ఇప్పుడు చేతిలో కొత్త ఆయుధాలు కూడా ఉన్నాయి. జీఎల్‌పీ-1ను అనుకరించే సెమాగ్లుటైడ్, దానికి మరో హార్మోన్ పనిని జతచేసిన టిర్జెపటైడ్ బరువు తగ్గించే మందులుగా 2025లో భారత మార్కెట్లోకి వచ్చాయి. ఆపరేషన్ పేగులో ఏం చేస్తుందో అర్థమవుతున్నకొద్దీ ఈ మందులు ఎలా పనిచేస్తాయో కూడా అర్థమవుతోంది. ఆపరేషన్‌కు ముందు బరువు దించడానికీ, తరువాత పెరిగితే అదుపు చేయడానికీ వీటిని వాడుతున్నారు. ఆపితే బరువు మళ్లీ పెరుగుతుందన్నది వీటి పరిమితి. ఊబకాయాన్ని బీపీలా, మధుమేహంలా జీవితాంతం సంభాళించాల్సిన జబ్బుగా చూస్తే ఆపరేషన్, మందు, ఆహారం, వ్యాయామం ఒకదానికొకటి పోటీ కావు. అవసరాన్ని బట్టి కలిపి వాడే వైద్యాలు అవి.

కాబట్టి సర్జన్‌ను ఎంచుకునేటప్పుడు ఎన్ని కిలోలు తగ్గుతాను, ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలతో ఆగకండి. మొదటి ఏడాది కొన్ని నెలలకోసారి, ఆపైన ఏటా రక్తపరీక్షలు ఎవరు చూస్తారు? డైటీషియన్, మానసిక నిపుణులు ఆ ఆసుపత్రిలో ఉన్నారా? రాత్రి పూట వాంతులు ఆగకపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? అయిదో ఏట నా బీ12 తగ్గితే గుర్తుచేసేదెవరు? వీటికి సూటిగా జవాబు చెప్పగలిగిన చోటే ఆపరేషన్ చేయించుకోవడం క్షేమం.